ఉద్దానమున మలయాళపు నర్సమ్మ

దేశాటనమును గూర్చిన వ్యాసములలో సాధారణముగా పుణ్యక్షేత్రములును, పర్వతశిఖరములును, సముద్రతీరములును వర్ణింపబడుచుండును. మేమిప్పుడు వ్రాయబోవు సీమలో నీ మూడును గలవు గాని, మా వ్యాసమునకు వానితో నిమిత్తము స్వల్పము. ఆంధ్రదేశపు ఈశాన్యపు కొనను, సోంపేట ఇచ్ఛాపురముల నడుమ, కొబ్బరితోటల నీడను మూడేండ్లుగా కాపురముండి కన్న విషయములను, అందు ముఖ్యముగా పరరాష్ట్రమునుండి భర్తతోను బిడ్డలతోను ఉద్యోగార్థమై వచ్చిన యొక నర్సు సంసారమును గూర్చి చెప్పదలచినాము. ఆడపిల్లల చదువును గూర్చి ఇంటింట ఆలోచనలు సాగుచున్న యీ దినములలో నిది కొందఱి కుపయోగపడునని మా నమ్మకము.

మా పుట్టినిల్లు విజయనగరము. 1713లో కట్టిన కోటయు, 1919లో స్థాపింపబడిన సంగీత కళాశాలయు, గురజాడ అప్పారావుగారు నివసించిన గృహమును గల యూరు. మా తండ్రిగారు మాకు బడి లేకయే ఇంటిలో కావ్యములు చెప్పిరి. మా వారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులగుటచే బదిలీలు మాకు క్రొత్త గావు. కాని విజయనగరపు నుడికారమును విడిచి ఇంతదూర మెన్నడును రాలేదు.

విజయనగరమున హౌరా వైపు పోవు బండి యెక్కిన యెడల నెల్లిమర్ల జనపనార మిల్లు గొట్టములు మొదట కానవచ్చును. చీపురుపల్లి దాటిన పిమ్మట పొందూరు. సన్నని ఖద్దరునకు దేశమంతట పేరుపొందిన దిదియే. ఆపై నాగావళిని దాటి ఆమదాలవలస చేరుదుము. శ్రీకాకుళము పట్టణమునకు స్టేషను ఇదియే. పిదప వంశధార. నౌపడావద్ద ఉప్పుమళ్లు వెండిరేకులవలె మెఱయును. ఆ చేరువనే తేలినీలాపురమను పల్లె కలదు. ఏటేట శీతకాలమునకు ముందు గూడబాతులును, ఎఱ్ఱకాళ్ల కొంగలును అచ్చటి చింతచెట్లపై గూళ్లు కట్టి, పిల్లలను పొదిగి, వేసవి ముదురులోగా ఎగిరిపోవును. ఆ పల్లెవారు ఆ పక్షులను పురిటికి వచ్చిన ఆడపడుచులని చెప్పుకొని, వానిని కొట్టనీయరు. పలాస జీడిపప్పు బట్టీల వాసన దాటి, పడమట మహేంద్రగిరిని చూచుచు మందస, సోంపేటలమీదుగా పోయినచో బాహుదానదీ తీరమున ఇచ్ఛాపురము. అదియే మన రాష్ట్రమునకు కడపటి యూరు. అచ్చటినుండి ఒడిశాలోని బరంపురము ఇంచుమించు పాతిక కిలోమీటర్లు మాత్రమే.

ఈ ప్రాంతమున రాష్ట్రము మారుట యను మాటకు రెండర్థములు గలవు. మనుష్యులు కదలి రాష్ట్రము మార్చుకొనుట యొకటి. మనుష్యులు కదలకయే రాష్ట్రము మారుట మఱియొకటి. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేకరాష్ట్ర మైనప్పుడు గంజాం జిల్లా చీలినది. బరంపురము, పర్లాకిమిడి అటు పోయినవి. ఇచ్ఛాపురము, సోంపేట ఇటు నిలిచినవి. అత్తవారొక రాష్ట్రమునను పుట్టింటివారొక రాష్ట్రమునను మిగిలిన కుటుంబము లెన్నియో. 1950లో శ్రీకాకుళము జిల్లా విశాఖపట్టణమునుండి విడివడినది. 1953లో మదరాసు రాష్ట్రమునుండి ఆంధ్రరాష్ట్రము వేరైనది. 1979లో విజయనగరము వేఱొక జిల్లా అయ్యెను. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణము ఏర్పడినప్పుడు హైదరాబాదు ఆసుపత్రులలో పనిచేయుచుండిన మన జిల్లాల నర్సులు ఒక్క రాత్రిలో పరరాష్ట్రవాసినులైరి. ఇచ్ఛాపురపు వీధులలో నేటికిని ఒరియా, తెలుగు ఒకే అంగడిలో వినబడును. ఒరియాలో చదువు చెప్పు బడులును గలవు. ఇట్టి చోట పరభాషవారు వింత కాదనుకొంటిమి. అది కొంతవఱకే నిజమని పిదప తెలిసినది.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలోని తోటలసీమను ఉద్దానమందురు. ఉద్యానమను మాటయే ప్రజల నాలుకపై అట్లయినదని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనస దట్టముగా పెరుగు నేల. 2018 అక్టోబరు 11వ తేదీన తీరమునుదాకిన తిత్లీ తుపాను ఈ తోటలను కూల్చివేసినది. పడిన కొబ్బరిచెట్టునకు మారుగా నాటిన మొక్క కాపునకు వచ్చుట కేండ్లు పట్టును గదా! ఆ యేండ్లు గడుపుటకై పురుషులనేకులు బొంబాయికిని, గల్ఫు దేశములకును పోయిరి.

తుపానుకంటె ఘోరమైనది మూత్రపిండముల వ్యాధి. ఉద్దానపు పల్లెలలో ఈ వ్యాధి లేని వీధి అరుదు. ఎండలో పొలముపని చేసినవారికి నడివయసుననే మూత్రపిండములు మెల్లమెల్లగా చెడిపోవును. మొదట నొప్పి యుండదు. కాళ్లు వాచి, ఆకలి నశించి, ఆయాసము వచ్చునప్పటికి తిరుగులేని దశ వచ్చియుండును. నీటిని, నేలను, ఆహారమును ఎందఱో పరిశోధకులు పరీక్షించినను ఒక్క కారణమని నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరు 14వ తేదీన పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండవ్యాధుల పరిశోధన కేంద్రమును, హిరమండలము జలాశయమునుండి ఉద్దానమునకు శుద్ధజలము తెచ్చు పథకమును ప్రారంభింపబడినవి. డయాలిసిస్ కేంద్రములు పలుచోట్ల వెలసినవి. యంత్రములు వచ్చినవి గాని యంత్రమువద్ద నిలుచు చేతులు చాలవలదా? ఆ చేతులలో రెండు కేరళమునుండి వచ్చినవి.

ఆ నర్సమ్మ కొట్టాయము ప్రాంతపుది. ముప్పది రెండేండ్లది. మూడేండ్ల జనరల్ నర్సింగు చదివి, తన రాష్ట్రమున డయాలిసిస్ వార్డునందు పనిచేసినది. భర్త గల్ఫులో కొన్నేండ్లు శీతలయంత్రములు బాగుచేసి తిరిగివచ్చినవాడు. ఏడేండ్ల కుమారుడు, నాలుగేండ్ల కుమార్తె. ఇంటి అప్పు తీర్చవలెను. భర్త మరల పరదేశము పోరాదు. పిల్లలు తండ్రికి దూరము కారాదు. ఈ మూడును కుదురుటకై మొత్తము సంసారమే కదలినది. రైలులో ఒక పగలు, రెండు రాత్రులు గడపి, నాలుగు పెట్టెలు, ఒక ఇడ్లీపాత్ర, ఒక కొబ్బరికోరుతో దిగిరి. కొబ్బరిసీమకు కొబ్బరికోరు తెచ్చితిరే యని మేము నవ్వితిమి. “అప్పా, చేతికి అలవాటైనది అది యొక్కటే” యని యామె పిదప తెలుగు వచ్చిన తరువాత చెప్పినది.

నర్సు రాష్ట్రము మారుట గృహిణి యూరు మారుటవంటిది కాదు. ఒక రాష్ట్రపు నర్సింగు కౌన్సిలులో పేరు నమోదైయున్నను, వేఱొక రాష్ట్రమున పనిచేయవలెనన్న అచ్చటి కౌన్సిలులోను నమోదు కావలెను. 1947 నాటి భారత నర్సింగు కౌన్సిలు చట్టముచే గుర్తింపుపొందిన చదువు దేశమంతట చెల్లును. అయినను స్వరాష్ట్రపు కౌన్సిలు ఈమె యోగ్యురాలేయని ధ్రువపఱచి పంపిన గాని క్రొత్త నమోదు జరుగదు. ఈ పత్రములన్నియు చేకూడువఱకు వారికి గడచిన నెలలలో చేతినున్న పైకము కరగినది. జాతీయ నమోదు పట్టికకు వీలు కల్పించు చట్టమొకటి 2023లో చేయబడినది. అది పూర్తిగా ఆచరణలోనికి వచ్చిన పిమ్మట ఈ యలజడి తగ్గునని ఆశింపవచ్చును.

పత్రములకంటె కష్టమైనది ఇల్లు. మా వీధిలో మొదట అడిగిన యింటివారు, “రాత్రి పోయి తెల్లవాఱి వచ్చు ఆడుదానికి మే మిల్లియ్యము” అనిరి. రాత్రి రోగి చచ్చునప్పుడు ఆసుపత్రిలో ఆడుది మేలుకొనియుండవలెను గాని, ఆమెకు పగలు నిద్రించుటకు గూడు మాత్రము వలదట! రెండవవారు చేపల వాసన పడదనిరి. మూడవది మా ప్రక్కయిల్లు. ఆ యింటి యజమానురాలి భర్త ఇదే వ్యాధితో అయిదేండ్ల క్రింద పోయినాడు. ఆమె అద్దె మాట తరువాత చూచుకొందమని తాళపుచెవి యిచ్చి, “మా ఆయన్ని సూసిన నర్సమ్మ కూడా పరాయిదే. రాత్రంతా కూకుండిపోయింది” అని మాత్రము పలికినది.

ఇక భాష. రోగికి నర్సుకు నడుమ భాష లేకున్న మందుకూడ సగము పనిచేయును. ఆమెకు తెలుగు నేర్పు భారము మేము వహించితిమి. మా కాశ్చర్యము కలిగించిన విషయమేమన, శరీరభాగములలో పెక్కింటికి తెలుగునందును మలయాళమునందును పేర్లు ఒకటియే. కన్ను, ముక్కు, చెవి, కాలు ఆమెకు నేర్పనక్కఱలేకపోయినవి. ఒక్కతల్లి బిడ్డలమే యని ఆనాడు మాకు తోచినది. కాని పోలికలోనే చిక్కును గలదు. మలయాళమున నొప్పిని వేదన యందురు. ఒకనాడామె ఒక వృద్ధురాలిని “అమ్మా, వేదన ఎక్కడ?” అని యడుగగా, ఆ ముసలమ్మ కన్నీరు పెట్టుకొని,

“యేదనా? ఏటి సెప్పమంతావు తల్లీ! గుంటడు బొంబాయి ఎల్లిపోయి రెండేళ్లయింది. ఫోను సేత్తాడు గానీ మొకం సూపించడు. అదే నా యేదన. నొప్పంతావా, ఇదిగో, బుర్రలో” అన్నదట.

ఆ రాత్రి నర్సమ్మ మాకు ఈ మాటలు చూపి అర్థమడిగినది. అర్థము చెప్పినపిమ్మట ఇద్దఱమును కొంతసేపు మాటాడలేకపోతిమి. ఆమె పుస్తకములో మూడు వరుసలుండెడివి. మొదటిది మలయాళము, రెండవది మేము చెప్పిన తెలుగు, మూడవది వార్డులో రోగులు పలుకు తెలుగు. రెండవ వరుసలో తల, జ్వరము, అక్క, బిడ్డ. మూడవ వరుసలో బుర్ర, జొరము, అప్ప, గుంట. నలిగిపోయినది మూడవ వరుస కాగితమే. నాటినుండి మమ్మును ఆమె అక్కా యని పిలుచుట మాని అప్పా యనుచున్నది.

వార్డులో ఆమె పని యెట్టిదో చెప్పినగాని దాని విలువ తెలియదు. డయాలిసిస్ అనగా చెడిన మూత్రపిండములకు బదులుగా యంత్రము రక్తమును వడకట్టుట. ఒక్కొక్క రోగికి వారమునకు రెండుమూడు మార్లు, మారునకు నాలుగేసి గంటలు. ఒక్క మారునకు ఇంచుమించు 120 లీటర్ల శుద్ధజలము కావలెను. రోగిని ముందు తూచి, వెనుక తూచి, ఎంత నీరు తీయవలెనో లెక్కకట్టవలెను. ఎక్కువ తీసిన రక్తపుపోటు పడిపోవును; తక్కువ తీసిన ఊపిరాడదు. సూది గ్రుచ్చునప్పుడు చేయి వణకరాదు. ఆ నాలుగు గంటలును కన్ను మరలింపరాదు.

అంతకంటె కష్టమైనది పథ్యము చెప్పుట. కొబ్బరినీటిలో పొటాసియము మిక్కుటము. మంచి మూత్రపిండములు దానిని బయటికి పంపివేయును, చెడినవి పంపలేవు. అది రక్తమున పెరిగిన గుండె ఆగిపోవచ్చును. ఇంటిముందు చెట్టునిండ బొండములు. అతిథికి మొదట ఇచ్చునది బొండము. ఒంట్లో బాగులేనివానికి చలువయని పట్టునది బొండము. అట్టి సీమలో రోగిని బొండము ముట్టవలదనుట యెట్లు? మఱియొకచోటినుండి వచ్చినవారు చెప్పిన “వీరికేమి తెలియును” అని జనులు త్రోసివేసియుందురు. ఈమె మాత్రము, “మా యిల్లును కొబ్బరితోటలోనిదే. మా తండ్రికిని నేను మానిపించితిని” అని చెప్పును. అప్పుడు విందురు. ఉప్పుచేపయు, ఊరగాయయు మానుమనుట, నీరు గ్లాసుతో కొలిచి త్రాగుమనుట, కూరముక్కలను విరివియైన నీటిలో ఉడికించి ఆ నీరు పారబోయుమనుట మొదలగునవి ఆమె మగవారికి చెప్పదు; వంటచేయు స్త్రీలను పిలిచి చెప్పును. రోగము మగవానిదైనను పథ్యము వంటయింటిదని యామె మాట. దీనిని మన పాఠకురాండ్రు గుర్తుంచుకొనదగును. అయితే ఏ రోగి కేది తగునో ఆయా వైద్యులే చెప్పవలెను. ఒకరి పథ్యము మఱియొకరికి పెట్టరాదు.

పిల్లవాని చదువు వారిని మిక్కిలి బాధించినది. రెండవ తరగతి బాలుడు. అక్షరములు రావు, ఆటలో మాటలు రావు. మొదటి నెల బడినుండి వచ్చి ఎవ్వరితోను పలుకక కూర్చుండెడివాడు. మా వారు సాయంకాలములు వానికి అక్షరములు దిద్దించిరి. కాని వానికి నోరు తెఱపించినది పుస్తకము కాదు, గోళీల యాట. మూడు నెలలకు “ఏటిరా, నాదే ముందు” అని వీధిలో కేకవేయగా విని వాని తల్లి పరుగెత్తి వచ్చి, వాడు తిట్టుచున్నాడా యని మమ్మడిగినది!

ఎనిమిదవ నెలలో వారు తిరిగిపోవుట కుద్యుక్తులైరి. భర్తకు నికరమైన పని దొరకలేదు. చిన్నపిల్లకు తఱచు జ్వరము. కొట్టాయమునుండి అత్తగారి యుత్తరువు వచ్చినది. మేము ఉండుమనియు చెప్పలేదు, పొమ్మనియు చెప్పలేదు. పరుల సంసారమున కష్టము వారిది, సలహా మనదియగుట ధర్మము గాదు. ఆ వారమే పలాసలో జీడిపప్పు నిలువచేయు గిడ్డంగిలో శీతలయంత్రములు చూచు పని భర్తకు దొరకినది. వారుండిపోయిరి. ఇది రోగుల ప్రేమచే జరిగినదని వ్రాయుట మాకు సులభము, కాని నిజమిది. ఎంత సేవాధర్మమైనను, భర్తకు పనియు బిడ్డకు బడియు లేనిదే స్త్రీ పరస్థలమున నిలువలేదు. నర్సులు చాలరని చింతించు ప్రభుత్వములు నర్సు నొక్కతెనే గాక ఆమె సంసారమును గూడ తలచవలెను.

ఇది వ్రాయుటకు మా కొక స్వంత కారణమును గలదు. మా పెద్దమ్మాయి ఇంటర్మీడియెటు ముగించి నర్సింగు చదివెదనని పట్టుపట్టినది. మా అత్తగారు, “ఒకరి మలమూత్రము లెత్తు పని మన యింటి పిల్లకా? తరువాత ఏ దేశమునకు పోవునో, ఎవరికి ఎఱుక?” అని యన్నము మానిరి. మా వారు మౌనము వహించిరి. అంతలో నొకనాడు నర్సమ్మ మా అత్తగారి పాదముల వాపు చూచి, బొటనవ్రేలితో నొక్కి, గుంట పడుట గమనించి, ఆ దినమే పరీక్షకు తీసికొనిపోయినది. మూత్రపిండములు బాగుగానే యున్నవి. రక్తపుపోటు మాత్ర మెక్కువయై యుండెను. అదియే ముదిరిన మూత్రపిండములకు చేటు తెచ్చునని, మాత్రలు ఒక్కపూటయు మానరాదని వైద్యులు చెప్పిరి. నాటినుండి రాత్రిపని ముగించి వచ్చు నర్సమ్మకు మా అత్తగారే ముందుగా కాఫీ పంపుచున్నారు. అయినను మనుమరాలి విషయమున, “చదువు సరే. దూరము మాత్రము పంపకుడు” అనుచునే యున్నారు. దూరము పోకుండ ఈమె వచ్చినదా యని మేమడుగలేదు. పెద్దలకు ప్రశ్న వేయుటకంటె కాలము నిచ్చుట మేలు. నాలుగేండ్ల నర్సింగు పట్టమునకు అమ్మాయిచేత దరఖాస్తు పెట్టించితిమి. మా వారు సంతకము చేసిరి.

బయలుదేరదలచిన సోదరీమణులకై నర్సమ్మ చెప్పిన మాటలను ఇచ్చట క్రోడీకరించుచున్నాము. మొదట స్వరాష్ట్రపు కౌన్సిలునుండి ధ్రువీకరణ పత్రములు సాధించి పిదపనే ఉద్యోగమునకు మాట యియ్యవలెను. అసలు పత్రములు ఎవ్వరివద్దను ఉంచరాదు. జీతము, రాత్రిపనుల లెక్క, సెలవులు కాగితముపై వ్రాయించుకొనవలెను. వీలైన తాను ముందువచ్చి యిల్లు చూచుకొని, బడి సంవత్సరము ముగిసినపిమ్మట పిల్లలను తెచ్చుకొనవలెను. ఆసుపత్రికి నడచిపోగల దూరమున, ఆడవారున్న యింటి ప్రక్కను ఇల్లు వెదకవలెను. నొప్పి, నీరు, ఆకలి, భయము, చాలు అను మాటలు ఆ యూరివారు పలుకు తీరున ముందే నేర్చుకొనవలెను.

వచ్చువారికి చెప్పితిమి, ఉన్నవారికి నొక మాట. పరరాష్ట్రపు నర్సు మీ వీధికి వచ్చిన పక్షమున ఆమె కులము, కూర, రాకపోకలు విచారింపకుడు. పాలు పోయువాని పేరు, కుళాయి నీరు వచ్చు వేళ, మంచి బడి యేది, రాత్రివేళ నమ్మకమైన ఆటోవాడెవడు అను నాలుగు మాటలు చెప్పుడు. పగటిపూట ఆమె తలుపు మూసియున్న పిల్లలను ఆ యరుగుమీద అల్లరి చేయనీయకుడు. ఆమె నిద్రించిననాడే మన యింటివారి చేతిలో సూది సరిగా దిగును.